స్టేక్‌హౌసులోని వైను పట్టిక

అమెరికా దేశమున వ్యాపారపు మాటలు తరచుగా భోజనపు బల్లయొద్దనే ముగియుచుండును. ఒప్పందము కుదిరినను, ఉద్యోగమున పెద్ద పదవి లభించినను, దూరమునుండి అతిథి వచ్చినను స్టేక్‌హౌసునకు తీసికొనిపోయి విందు చేయుట అచ్చటి వాడుక. డల్లాసు, హ్యూస్టను, చికాగో మొదలగు నగరములలో నివసించు మన తెలుగువారిలో అనేకులు ఆ బల్లవద్ద అతిథులుగా కూర్చుండుటయే గాక, ఆతిథ్యమిచ్చు బాధ్యతను గూడ వహించుచున్నారు. అప్పుడు పరిచారకుడు అట్టవేసిన బరువైన పుస్తకమొకటి తెచ్చి విందు చేయువాని చేతికే అందించును. అదియే వైను పట్టిక. అందు వందలకొలది పేర్లుండును. కొన్ని ఫ్రెంచి పేర్లు, కొన్ని ఇటలీ పేర్లు, కొన్ని పలుకుటకే నోరు తిరగనివి. కుడిప్రక్కన అంకెలు మాత్రము అందరికి అర్థమగును. బల్లచుట్టునున్నవారు మాటలు చాలించి ఎదురుచూచుచుందురు. ఆ నిమిషమున కేవలము సిగ్గుచేత మనుష్యుడు చేయు వ్యయము, ఒక్కొక్కప్పుడు తక్కిన భోజన వ్యయమునే మించిపోవును. ఆ సిగ్గును విడిచి పట్టికను పరీక్షించు విధమును గూర్చియే నేటి నా ప్రసంగము.

మద్యమును ముట్టనివారును, గోమాంసమును భుజింపనివారును మనలో అనేకులు గలరు. వారిని ఈ మార్గమునకు త్రిప్పుట నా యుద్దేశము కాదు. తాను త్రాగనివాడైనను, తన అతిథులకు ఏమి తెప్పించుచున్నాడో, దానికి ఎంత చెల్లించుచున్నాడో ఎరిగియుండుట గృహస్థునకు ఉచితమే గదా. స్టేక్‌హౌసులలో గొర్రెమాంసము, కోడి, చేపలు గూడ సాధారణముగా లభించును. ఏమి భుజించినను ఆ పట్టికను చదువు పద్ధతి ఒక్కటియే.

ముందుగా ఆ భోజనశాల సంగతి కొంత చెప్పుకొందము. స్టేకు అనగా మందముగా కోసిన గోమాంసపు ముక్కను తీవ్రమైన వేడిపై కాల్చి, పైభాగము ముదురు రంగు తేరునట్లును, లోభాగము మెత్తగా రసము నిండి యుండునట్లును వండిన పదార్థము. ఉప్పు, మిరియములు తప్ప ఇతర సంభారములు దానికి స్వల్పము. ఇట్టి భోజనశాలలు అమెరికాలో 19వ శతాబ్దమునుండి గలవు. న్యూయార్కు నగరమున కీన్స్ అను భోజనశాల 1885లోను, బ్రూక్లినున పీటర్ లూగర్ 1887లోను వెలసినవి. ఫ్లోరిడా రాష్ట్రములోని టాంపాలో 1956న ప్రారంభమైన బెర్న్స్ స్టేక్‌హౌసు, తన వైను నిల్వల విస్తారముచేత దేశదేశముల పేరుగాంచినది.

అయితే అమెరికాలో వైను పంట నిరాటంకముగా పెరిగినది కాదు. 1920 మొదలు 1933 వరకు ఆ దేశమున మద్యనిషేధము అమలులో నుండెను. అనేక ద్రాక్షాసవశాలలు మూతబడెను. నిషేధము తొలగిన పిదపను ఆ నష్టము తీరుటకు దశాబ్దములు పట్టెను. 1976 మే 24వ తేదీన పారిసు నగరములో స్టీవెన్ స్పరియర్ అను ఆంగ్లేయ వర్తకుడు ఒక పరీక్ష ఏర్పాటు చేసెను. సీసాల పేర్లు కనబడకుండ చేసి, ఫ్రెంచి పరీక్షకులచే ఫ్రాన్సు వైనులను, కాలిఫోర్నియా వైనులను రుచి చూపించెను. ఎర్ర వైనులలో ప్రథమస్థానము కాలిఫోర్నియాలోని నాపాలోయకు చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వారి 1973 సంవత్సరపు కాబర్నే సోవిన్యోనుకు దక్కెను. తెల్ల వైనులలో శాటో మాంటెలీనా వారి 1973 షార్డొనే గెలిచెను. నాపాలోయ కీర్తియు, దానితోబాటు ధరయు ఆకాశమునంటుటకు ఆ పరీక్ష గొప్ప కారణమయ్యెను. నేడు స్టేక్‌హౌసు పట్టికను తెరచినచో ముందుగా కన్నులబడునవి నాపా కాబర్నేలే.

కీర్తి సంగతి అట్లుండగా, ఆ కాబర్నేకు, కాల్చిన మాంసమునకు గల పొత్తు నిజమైనదే. దాని మూలము మనకు చిరపరిచితమైన వగరు. షడ్రుచులలో కషాయమని పెద్దలు చెప్పునది ఇదియే. నేరేడుపండు తిన్నపుడు, వక్కపలుకు కొరికినపుడు నాలుక పట్టుకొనిపోవుట అందరు ఎరుగుదురు. హైదరాబాదు తోటల అనాబెషాహి ద్రాక్షను గింజతో గూడ నమిలినవారికి ద్రాక్షలోని వగరు ఎచ్చట దాగియున్నదో వేరుగ చెప్పనక్కరలేదు. అది గింజలయందును, తొక్కయందును ఉండును. శాస్త్రజ్ఞులు ఆ పదార్థములను టానినులందురు. తెల్ల వైనును చేయునపుడు సాధారణముగా రసమును పిండి తొక్కలను ముందే తొలగింతురు. ఎర్ర వైనును తొక్కలతోనే పులియబెట్టుదురు. కనుకనే ఎర్ర వైనున వగరు అధికము. కాబర్నే సోవిన్యోను గింజ చిన్నదికాదు గాని పండు చిన్నది, తొక్క మందము. అందుచే దాని వగరు మరింత గట్టిది.

ఈ వగరు నోటిలోని లాలాజలపు మాంసకృత్తులను పట్టుకొనును. అప్పుడు నాలుకపై జారుదనము తగ్గి గరుకుదనము తోచును. అదే సమయమున నోటిలో మాంసపు ముక్క యున్నచో, దానియందలి మాంసకృత్తులును కొవ్వును ఆ టానినుల బలమును కొంత తమవైపు లాగుకొనును. ఉప్పు చేదును అణచును. దీనిని గ్రహించుటకు అమెరికాకు పోనక్కరలేదు. ఎక్కువసేపు మరిగించిన చిక్కని తేనీటిని ఒట్టిగా త్రాగి చూడుడు, పిమ్మట పాలు కలిపి త్రాగి చూడుడు. పాలలోని మాంసకృత్తులు తేయాకు వగరును లొంగదీసి రుచిని మెత్తపరచును. కాబర్నేకు మాంసము చేయు పని తేనీటికి పాలు చేయు పనివంటిదే.

ఈ సూత్రము తెలిసినవానికి పట్టికలో సగము దారి కనబడినట్లే. కొవ్వు ఎక్కువగా గల రిబ్‌ఐ అను ముక్కకు వగరైన కాబర్నే తగును. ఫిలే మిన్యోను అను ముక్క మిక్కిలి మెత్తనిది, కొవ్వు తక్కువ. దానికి గట్టి వగరు భారమగును. మెర్లో గాని పీనో నువార్ గాని దానికి హితము. మిరియములు దట్టించి కాల్చిన స్టేకునకు సిరా అను ద్రాక్ష మంచి జత. ఆస్ట్రేలియాలో దానినే షిరాజ్ అందురు. ఇందు ఒక విశేషము గలదు. మిరియములకు ఆ ఘాటైన వాసననిచ్చు రోటండోను అను పదార్థమే షిరాజ్ వైనులోను ఉన్నట్లు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో వెల్లడించిరి. గొర్రెమాంసమునకు కాబర్నేయు, స్పెయిను దేశపు రియోహా వైనును అనుకూలములు. చేపలు కోరిన అతిథికి తెల్ల వైనును గ్లాసుగా వేరుగ తెప్పించుట మేలు. మనవారికొక హెచ్చరిక. భోజనమున కారపు పులుసు అధికముగా వేసికొనువారికి వగరును, ఆల్కహాలును ఎక్కువగా గల వైను నోటి మంటను హెచ్చించును. వారు వగరు తక్కువైన దానిని కోరుట మంచిది.

ఇక పట్టికను పరీక్షించు సంగతి. వర్తకుని నిజాయితి ఎట్టిదో మొదటి పుటలోనే కొంత తెలియును. ప్రతి సీసాకు ఎదురుగా నాలుగు సంగతులుండవలెను. చేసినవారెవరు, ద్రాక్ష పండిన ప్రదేశమేది, ద్రాక్ష జాతి యేది, పంట సంవత్సరమేది. ఫ్రాన్సు, ఇటలీ వైనులలో జాతి పేరు వ్రాయకుండుట ఆచారమైనను, తక్కిన మూడును ఉండితీరవలెను. “నాపా కాబర్నే, 95 డాలర్లు” అని మాత్రమే వ్రాసి ఊరకున్న పట్టిక, వస్త్రము నేత చెప్పక ధర మాత్రము చెప్పు అంగడివంటిది. రెండవది, తక్కువ ధరల పంక్తులను చూడవలెను. అచ్చట గూడ ఆలోచించి ఎంచిన వైనులు నాలుగైదు ఉన్నచో ఆ భోజనశాలవారు సామాన్యుని గౌరవించుచున్నారని గ్రహింపవచ్చును. మూడవది, వైవిధ్యము. నలుబది నాపా కాబర్నేలుండి ఇతర దేశముల వైనులు రెండు మూడే యున్నచో, ఆ పట్టికను కూర్చినది రుచి కాదు, గిరాకి.

సీసాపై నుండు మాటలలో కొన్నిటికి చట్టబద్ధమైన అర్థము గలదు, కొన్నిటికి లేదు. అమెరికా కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము ద్రాక్ష జాతి పేరు వ్రాయవలెనన్నచో ఆ వైనులో కనీసము నూటికి 75 పాళ్లు ఆ జాతియే ఉండవలెను. నాపాలోయ వంటి గుర్తింపుపొందిన ప్రాంతము పేరు వ్రాసినచో 85 పాళ్లు ఆ ప్రాంతపు ద్రాక్షయే కావలెను. కాని “రిజర్వ్” అను మాటకు అమెరికాలో అట్టి కట్టుబాటేమియు లేదు. ఎవరైనను వ్రాసికొనవచ్చును. స్పెయినులోని రియోహా ప్రాంతమున మాత్రము “రెసెర్వా” అని యున్న ఎర్ర వైను కనీసము మూడు సంవత్సరములు నిల్వయుండి తీరవలెను. అందొక సంవత్సరము ఓకు పీపాలో గడువవలెను. ఒకే మాట ఒకచోట ప్రమాణము, వేరొకచోట అలంకారము. అలంకారమునకు డబ్బు చెల్లింపనక్కరలేదు.

పంట సంవత్సరము గూడ వట్టి అంకె కాదు. 2020లో నాపాలోయ పరిసరములను అగ్నిప్రమాదములు చుట్టుముట్టెను. ఆ పొగ చెట్టుమీది ద్రాక్షకు పట్టి వైను రుచిని చెరచునను భయముచేత, అనేక ద్రాక్షాసవశాలలవారు ఆ సంవత్సరపు కాబర్నేను తయారుచేయుటనే మానుకొనిరి. కనుక పట్టికలో 2019 అని యున్న సీసాకు బదులు వేరొక సంవత్సరపు సీసా తెచ్చినపుడు, మాటాడక అంగీకరించుట తగదు. ధర గూడ మారునేమో అడుగవలెను.

ధరల విషయమున మొగమాటము పనికిరాదు. భోజనశాలలో వైను ధర అంగడి ధరకు రెండింతలు, మూడింతలు ఉండుట సాధారణము. దానిని దోపిడి యనుటకు వీలులేదు. గ్లాసులు, నిల్వగది, పరిచారకులు, పగిలిన సీసాలు, అమ్ముడుపోని సీసాలు అన్నియు అందులోనివే. కాని నాలుగింతలు, ఐదింతలు వేసినచోట మనము వేరొక సీసాను చూచుట న్యాయము. నేడు చేతిలోని ఫోనున అంగడి ధరను నిమిషములో తెలిసికొనవచ్చును. అన్నిటికంటె చౌకదానిని కోరుటకు సిగ్గుపడి, దానికి పైనున్న రెండవదానిని చాలమంది కోరుదురనియు, అందుచే వర్తకులు ఆ రెండవదానిపైననే అధికలాభము వేయుదురనియు ఒక నానుడి గలదు. లండను భోజనశాలల పట్టికలను లెక్కించి చూచిన అర్థశాస్త్రజ్ఞులు అది నిజము కాదని 2021లో తేల్చిరి. లాభపు పాలు హెచ్చుగా నుండునది మధ్యతరగతి ధరలలోనట. కనుక మధ్య పంక్తిని కోరినవాడు క్షేమముగా నున్నాడనుకొనుటయు భ్రమయే.

గ్లాసు లెక్కయా, సీసా లెక్కయా అనునది మరియొక ప్రశ్న. సీసాలో 750 మిల్లీలీటర్లుండును. 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులగును. ఉదాహరణమునకు గ్లాసు 18 డాలర్లు, అదే వైను సీసా 70 డాలర్లు అనుకొందము. ఐదు గ్లాసులను విడివిడిగా కొన్నచో 90 డాలర్లగును. అందరును ఒకే వైనును కోరినపుడు సీసాయే లాభము. ఒక్కరే త్రాగువారైనపుడు గాని, ఒకరు చేపలును వేరొకరు మాంసమును తినుచున్నపుడు గాని గ్లాసే మేలు. అయితే గ్లాసుగా అమ్ము సీసాను ఎప్పుడు తెరచిరో అడుగుట మరువరాదు. తెరచిన వైను గాలి తగిలి కొలదిదినములలో జీవము కోల్పోవును. మరియొక సంగతి. అచ్చటి ఆచారము ప్రకారము పరిచారకులకిచ్చు బహుమానము మొత్తము బిల్లుపై నూటికి 15 మొదలు 20 పాళ్లవరకు లెక్కింతురు. 100 డాలర్ల సీసా నిజమునకు 100 డాలర్లతో ముగియదు. దానిపై పన్నును, బహుమానమును గూడ చేరును.

కీర్తికి కాక రుచికి మూల్యమీయదలచినవాడు, ప్రసిద్ధ ప్రదేశమునకు ఇరుగుపొరుగున వెదకవలెను. నాపాకు బదులు దాని ప్రక్కనున్న సోనోమా జిల్లాలోని అలెగ్జాండరు లోయ, కాలిఫోర్నియా మధ్యతీరపు పాసో రోబల్స్, వాషింగ్టను రాష్ట్రపు కొలంబియా లోయ కాబర్నేలు తరచుగా తక్కువ ధరకు దొరకును. అర్జెంటీనాలోని మెండోసా ప్రాంతపు మాల్బెక్ స్టేకునకు చక్కని తోడు. ఈ ద్రాక్ష ఫ్రాన్సులోని కాహోరు ప్రాంతమునుండి పోయి, అర్జెంటీనాలో కొత్త పుట్టిల్లు సంపాదించుకొన్నది. చిలీ దేశపు కార్మెనేర్ కథ మరింత చిత్రము. అచ్చటివారు చిరకాలము దానిని మెర్లో యనియే భ్రమించి పండించిరి. 1994లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ మిషెల్ బుర్సికో ఆకులను, తీగలను పరీక్షించి, అది బోర్డో తోటలనుండి దాదాపుగా అదృశ్యమైన కార్మెనేర్ అని గుర్తించెను. పేరు తెలియకున్నను తీగ తన పని తాను చేసికొనుచునే యుండెను.

ఇక కోరు విధము. పెద్ద భోజనశాలలలో వైనుల సంగతి చదివిన ప్రత్యేక ఉద్యోగి యుండును. అతనిని సొమెలియే యందురు. అతడు మనలను పరీక్షింప వచ్చినవాడు కాడు, మనకు సహాయము చేయుటకు జీతము పుచ్చుకొనువాడు. అతనికి మూడు సంగతులు చెప్పిన చాలును. ఏమి తినుచున్నాము, ఎట్టి రుచి ఇష్టము, ఎంత వెచ్చింపదలచితిమి. మూడవదానిని అతిథులయెదుట పైకి చెప్పుట ఇబ్బందియైనచో దానికి సులభమైన ఉపాయమున్నది. పట్టికలో మనకు అనుకూలమైన ధరపై వ్రేలుంచి, “ఇటువంటిది మరేదైనను కలదా?” అని అడుగవలెను. అనుభవజ్ఞుడైన సొమెలియే ఆ వ్రేలు పేరును చూపుటలేదనియు, అంకెను చూపుచున్నదనియు వెంటనే గ్రహించును. అతడు దానికి రెండింతల ధరగల సీసాను సూచించినచో ఆ భోజనశాల స్వభావము మనకు తెలిసిపోయినట్లే. చిరునవ్వుతో మొదటి అంకెకే తిరిగివచ్చుటలో అమర్యాద ఏమియు లేదు.

సీసా వచ్చిన తరువాత జరుగు తతంగమును చూచి కొందరు బెదరుదురు. అందులో ప్రతి చర్యకును ఒక ప్రయోజనము గలదు. చీటీని చూపునపుడు పేరును, సంవత్సరమును సరిచూడవలెను. గ్లాసులో కొంచెము పోసి ఇచ్చునది మన మెప్పుకొరకు కాదు, వైను చెడినదో లేదో తెలిసికొనుటకు. గ్లాసును మెల్లగా త్రిప్పి వాసన చూడవలెను. తడిసిన అట్టపెట్టెవలె, బూజుపట్టిన నేలమాళిగవలె వాసన కొట్టినచో, బెండుమూత దోషముచేత అది చెడినదని అర్థము. అప్పుడు వేరొక సీసాను తెమ్మనుట మన హక్కు. వైను నిర్దోషమైయుండి మనకు నచ్చకపోవుట మాత్రము త్రిప్పిపంపుటకు కారణము కాదు. ఎర్ర వైను మరీ వెచ్చగా ఉన్నచో, పది నిమిషములు మంచునీటి పాత్రలో ఉంచుమని కోరవచ్చును. 16 మొదలు 18 డిగ్రీల సెంటీగ్రేడు దానికి అనుకూలమైన చల్లదనము.

చివరకు ధరకంటె పెద్ద లెక్క యొకటి గలదు. నేటి కాలిఫోర్నియా కాబర్నేలలో నూటికి 14 పాళ్లకు మించి ఆల్కహాలుండుట సాధారణము. ఏ స్వల్ప పరిమాణమును ఆరోగ్యమునకు నిరపాయమని చెప్ప వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించెను. త్రాగదలచినవాడు ఆ మాట తెలిసియే త్రాగవలెను. అమెరికాలో ప్రతి విందునకు వెనుక ఒక కారు ప్రయాణము ఉండును. కారు నడుపువాడు గ్లాసు ముట్టకుండుట ఉత్తమము. సీసాలో మిగిలినదానిని చెల్లించిన డబ్బు పోవునని బలవంతముగా త్రాగవలసిన పనిలేదు. అనేక రాష్ట్రములలో మిగిలిన సీసాకు మరల మూతవేయించి ఇంటికి తీసికొనిపోవుటకు చట్టము అనుమతించుచున్నది. త్రాగని అతిథిని కారణమడుగకుండుటయు, అతనికి వేరుగ మంచి పానీయము తెప్పించుటయు ఆతిథ్యమునకు మొదటి లక్షణములు.

మన పెద్దలు అంగడిలో చీర కొనునపుడు అంచును త్రిప్పి చూతురు, నేతను వ్రేళ్లతో తడిమి చూతురు, ధర అడుగుదురు, నచ్చనిచో లేచి వత్తురు. అందుకు వారెన్నడును సిగ్గుపడలేదు. వైను పట్టికయు ఒక వర్తకుని సరకుల జాబితాయే. ఎవరు చేసిరి, ఎచ్చట పండినది, ఏ సంవత్సరపుది, ఎంత ధర అని అడుగువాడు తెలియనివాడు కాడు, తెలిసికొనువాడు. సరియైన ధరకు తెప్పించిన సామాన్యపు సీసా నడుమ బల్లచుట్టునున్నవారు నిశ్చింతగా మాటాడుకొన్నచో ఆ విందు సఫలము. అతిథులు పదికాలములపాటు తలచుకొనునది సీసాపై చీటీని కాదు, తమను పిలిచినవాని మంచిమాటను.